మెమరీ కార్డుల పోటీ - ఒక పరిశీలన

తన మాట తన తరువాత కూడా నిలవాలని మనిషి ఏనాటి నుండో తాపత్రయపడుతున్నాడు. రాతి మీద చెక్కాడు, రాగిరేకు మీద మలిచాడు, తాటాకు మీద గంటంతో గీశాడు, కాగితం మీద కలంతో వ్రాశాడు. ఈ సాధనాలన్నింటికీ ఒక సమాన ధర్మం ఉంది. ఆ లిపి తెలిసిన మనిషి ఒక్కడుంటే చాలు, వాటిని చదవడానికి వేరొక పరికరం అక్కరలేదు. మన కాలంలో వచ్చిన మెమరీ కార్డు అటువంటిది కాదు. దానిని ఎంత తేరిపార చూచినా ఒక్క అక్షరమూ కనిపించదు. దానికి సరిపోయే స్లాటు ఉన్న యంత్రం కావాలి. ఆ యంత్రానికి కార్డు లోపలి అమరిక తెలిసి ఉండాలి. ఈ రెండింటిలో ఏది లోపించినా అందులోని సమాచారం ఉండీ లేనట్లే.

కనుక మెమరీ కార్డు విషయంలో "ఇందులో ఎంత పడుతుంది?" అనే ప్రశ్న కంటె ముందు "దీనిని ఎన్ని యంత్రాలు చదవగలవు?" అనే ప్రశ్న వేసుకోవలసి ఉంది. గత 30 సంవత్సరాలలో వెలువడి, ఒకదానితో ఒకటి పోటీపడి, కొన్ని నిలిచి, కొన్ని కనుమరుగైన కార్డుల రకాలను ఈ దృష్టితో పరిశీలించడమే ఈ వ్యాసంలో మేము తలపెట్టిన పని.

మన పరిసరాలు

ఈ విషయం మన ప్రాంతపు విద్యార్థులకు పరాయిది కాదు. మన ఏ.ఎస్. రావు నగర్ అయ్యగారి సాంబశివరావు గారి పేర వెలసినది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో జన్మించిన ఆ శాస్త్రవేత్త కృషి ఫలితంగా 1967లో ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, అనగా మనందరి నోట నానే ఇ.సి.ఐ.ఎల్., ఏర్పడింది. ట్రాంబేలోని భాభా అణు పరిశోధనా కేంద్రం రూపకల్పనను అనుసరించి 1969లో వెలువడిన టి.డి.సి.-12 కంప్యూటరు ఈ సంస్థ పేరును దేశానికి పరిచయం చేసింది. ఒక యంత్రం నుండి మరొక యంత్రానికి సమాచారాన్ని చేరవేయడానికి చిల్లులు పొడిచిన కాగితపు చుట్టలు వాడిన రోజులవి.

నేడు ఇ.సి.ఐ.ఎల్. అనగానే జనులకు స్ఫురించేది ఎలక్ట్రానిక్ ఓటింగు యంత్రం. ఈ యంత్రాలు తొలిసారిగా 1982లో కేరళలోని పరూర్ నియోజకవర్గంలో 50 పోలింగు కేంద్రాలలో ఉపయోగింపబడ్డాయి. మన ప్రస్తుత విషయానికి వీటి నుండి రెండు సంగతులు గ్రహించవచ్చు. మొదటిది, విద్యుత్తు ఆగిపోయినా వీటిలోని ఓట్ల లెక్క చెరిగిపోదు. సరఫరా లేకపోయినా నిలిచి ఉండే ఇటువంటి జ్ఞాపకమే మెమరీ కార్డుకు కూడా ఆధారం. రెండవది, ఈ యంత్రాలను హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్., బెంగుళూరులోని బి.ఇ.ఎల్. అనే రెండు సంస్థలు తయారు చేస్తున్నాయి. అయినా ఓటరుకు ఆ తేడా తెలియనవసరం లేదు. ఎన్నికల సంఘం ఆమోదించిన ఒకే పద్ధతికి రెండు సంస్థలూ కట్టుబడి ఉండడమే అందుకు కారణం. తయారీదారులు వేరైనా పద్ధతి ఒకటిగా ఉండడాన్నే ప్రమాణం అంటాము. మెమరీ కార్డుల చరిత్రలో చాలాకాలం లోపించినది ఇదే.

కార్డు లోపల ఏమున్నది?

అన్ని రకాల కార్డులలోనూ ఉండేది ఫ్లాష్ మెమరీ అనే చిప్పు. దీనిని జపానులోని తోషిబా సంస్థలో పనిచేసిన ఫుజియో మసువొకా కనుగొన్నాడు. 1984లో దీని మొదటి రూపం, 1987లో నేడు కార్డులన్నింటిలో వాడే నాండ్ అనే రూపం లోకానికి వెల్లడి అయ్యాయి. ఇందులో కోట్లాది సూక్ష్మమైన గదులు ఉంటాయి. ప్రతి గదిలోనూ ఎలక్ట్రానులను బంధించి ఉంచే ఒక పొర ఉంటుంది. దాని చుట్టూ విద్యుత్తును పోనీయని పదార్థం గోడవలె ఉంటుంది. లోపల ఎలక్ట్రానులు ఎంత మేరకు ఉన్నాయో దానిని బట్టి ఆ గదిలో ఉన్నది ఒకటా, సున్నా అని యంత్రం గుర్తిస్తుంది.

ఈ నిర్మాణం వలన రెండు పరిమితులు ఏర్పడుతున్నాయి. వ్రాసి చెరిపిన ప్రతిసారీ ఆ గోడ కొంత అరుగుతుంది. వాడకుండా సంవత్సరాల తరబడి వదలివేసినప్పుడు బంధింపబడిన ఎలక్ట్రానులు మెల్లగా జారిపోవచ్చు. ఈ సంగతిని విద్యార్థులు గుర్తుంచుకోవాలి. దీని ప్రయోజనం వ్యాసం చివర తెలియగలదు.

చిప్పుతో పాటు కంట్రోలరు అనే మరొక భాగం కావాలి. ఏ గది పాడైనది, ఏ సమాచారం ఎక్కడ ఉన్నది అనే లెక్క చూచేది ఇదే. చిప్పును గ్రంథాలయంతో పోల్చితే కంట్రోలరు గ్రంథపాలకుని వంటిది. ఈ గ్రంథపాలకుడు కార్డులోనే ఉండాలా, లేక కెమెరాలో ఉండాలా అన్న విషయంలో తయారీదారుల దారులు చీలిపోయాయి. కొన్ని కార్డుల ఆయుష్షును నిర్ణయించినది ఈ చీలికయే.

పోటీలోని రకాలు

1994లో శాన్‌డిస్క్ సంస్థ కాంపాక్ట్ ఫ్లాష్ అనే కార్డును వెలువరించింది. దాని కొలత 43 మిల్లీమీటర్ల పొడవు, 36 మిల్లీమీటర్ల వెడల్పు. నేటి దృష్టికి ఇది పెద్దదే. కాని కంట్రోలరు కార్డులోనే ఉన్నందున కెమెరాకు చిప్పు వివరాలు తెలియవలసిన పని లేదు. కంప్యూటరు తన హార్డ్ డిస్కుతో మాట్లాడే రీతిలోనే దీనితోనూ మాట్లాడగలదు. ఈ కారణంగా ఈ కార్డు సామర్థ్యం కొన్ని మెగాబైట్ల నుండి వందల గిగాబైట్ల వరకు పెరిగినా దాని ఆకారం మారలేదు. వృత్తి ఛాయాగ్రాహకులు దీనిని రెండు దశాబ్దాల పాటు వాడగలిగారు.

1995లో తోషిబా స్మార్ట్ మీడియాను తెచ్చింది. ఒక మిల్లీమీటరు మందం కూడా లేని ఈ కార్డు చూపులకు ముచ్చటైనది. ఇందులో చిప్పు మాత్రమే ఉన్నది, కంట్రోలరు లేదు. కార్డు పలుచగా ఉండడానికి కారణం అదే. గ్రంథపాలకుడు కెమెరాలో ఉన్నాడు కనుక, పాత కెమెరాలోని గ్రంథపాలకునికి కొత్త పెద్ద కార్డుల అమరిక అర్థం కాలేదు. ఆపైన ఈ కార్డులు 5 వోల్టులవి, 3.3 వోల్టులవి అని రెండు తెగలుగా వచ్చాయి. 128 మెగాబైట్లు దాటకుండానే వీటి కథ ముగిసింది.

1997లో శాన్‌డిస్క్, సీమెన్స్ సంస్థలు కలిసి తపాలా బిళ్ళంత ఉండే మల్టీమీడియా కార్డును తెచ్చాయి. మరుసటి సంవత్సరం, 1998లో, సోనీ సంస్థ మెమరీ స్టిక్ పేరుతో తన సొంత కార్డును ప్రవేశపెట్టింది. కెమెరా, కంప్యూటరు, పాటల యంత్రం మొదలైన సోనీ వస్తువులన్నింటిలో ఒకే కార్డు పనిచేయాలన్నది దాని ఆశయం. ఆ ఇంటిలోపల వరకు ఆశయం నెరవేరింది. గడప దాటితే మాత్రం ఆ కార్డును చేరదీసేవారు తక్కువ.

1999లో పానసోనిక్, శాన్‌డిస్క్, తోషిబా సంస్థలు కలిసి సెక్యూర్ డిజిటల్ కార్డును, అనగా ఎస్.డి. కార్డును, ప్రకటించాయి. మరుసటి సంవత్సరమే ఎస్.డి. అసోసియేషన్ ఏర్పడి, రుసుము చెల్లించిన తయారీదారులందరికీ దాని ద్వారాలు తెరిచింది. పాత మల్టీమీడియా కార్డు కొలతలలో పొడవు వెడల్పులను యథాతథంగా ఉంచి, మందాన్ని మాత్రం 1.4 నుండి 2.1 మిల్లీమీటర్లకు పెంచారు. ఫలితంగా ఎస్.డి. స్లాటులో పాత కార్డు కూడా ఇమిడింది. పాతవారిని వెళ్ళగొట్టకుండా కొత్తవారిని ఆహ్వానించిన ఈ ఏర్పాటు ఎంతో మేలు చేసింది.

2002లో ఒలింపస్, ఫ్యూజీఫిల్మ్ సంస్థలు ఎక్స్.డి. పిక్చర్ కార్డును తెచ్చాయి. స్మార్ట్ మీడియాకు వారసురాలైన ఈ కార్డులో కూడా కంట్రోలరు లేదు. ఈ రెండు సంస్థల కెమెరాలు తప్ప దానికి వేరే ఆదరువు లేదు. 2 గిగాబైట్ల వద్ద అది ఆగిపోయింది.

గెలుపుకు కారణాలు

2010 నాటికి ఫలితం తేలిపోయింది. ఆ సంవత్సరం సోనీ సంస్థయే ఎస్.డి. కార్డులను అమ్మడం మొదలుపెట్టింది. ఇదే సంస్థ 1975లో బీటామాక్స్ అనే వీడియో టేపును తెచ్చి, 1976లో వచ్చిన వి.హెచ్.ఎస్. టేపుతో పోరాడి, చివరకు 1988లో తానూ వి.హెచ్.ఎస్. యంత్రాలు తయారు చేయవలసి వచ్చింది. మన పట్టణాలలో పెండ్లి వీడియోలు ఏ టేపులో తీయబడ్డాయో ఇంటి పెద్దలను అడిగితే ఆ పోటీ ఫలితం తెలుస్తుంది. ఆ టేపులను నేడు చూడడానికి యంత్రం దొరకడం ఎంత కష్టమో కూడా వారే చెప్పగలరు.

ఎస్.డి. కార్డు గెలుపునకు మూడు కారణాలను పేర్కొనవచ్చు. కంట్రోలరు కార్డులోనే ఉండడం మొదటిది. పాత కార్డును ఆదరించడం రెండవది. ఒక ఇంటి ఆస్తిగా కాక పలువురి ఒప్పందంగా పెరగడం మూడవది. మెమరీ స్టిక్ పనితనంలో తీసికట్టు ఏమీ కాదు. నలుగురితో కలవకపోవడమే దాని ఓటమికి ముఖ్య కారణమని మా అభిప్రాయం.

చేతి ఫోనులోని పోటీ

సెల్‌ఫోను రాకతో ఈ పోటీ సామాన్యుని జేబులోకి వచ్చింది. 2004 ప్రాంతంలో నోకియా ఫోనులు కొన్ని మల్టీమీడియా కార్డును సగానికి కుదించిన రూపాన్ని వాడాయి. సోనీ ఎరిక్సన్ ఫోనులు మెమరీ స్టిక్ కుటుంబంలోని చిన్న కార్డులను వాడాయి. అదే 2004లో శాన్‌డిస్క్ తెచ్చిన ట్రాన్స్ ఫ్లాష్ అనే అతి చిన్న కార్డును 2005లో ఎస్.డి. అసోసియేషన్ స్వీకరించి మైక్రో ఎస్.డి. అని పేరు పెట్టింది. 15 మిల్లీమీటర్ల పొడవు, 11 మిల్లీమీటర్ల వెడల్పు గల ఈ కార్డును ఒక అడాప్టరులో ఉంచితే పెద్ద ఎస్.డి. స్లాటులో కూడా పనిచేస్తుంది.

ఆ రోజులలో మన బస్తీలలోని సెల్‌ఫోను దుకాణాలలో మెమరీ కార్డులో పాటలు ఎక్కించి ఇచ్చేవారు. సినిమా పాటలు, కవ్వాలీలు, నాతులు, భక్తిగీతాలు ఒకే కంప్యూటరు నుండి అందరి కార్డులలోకి చేరేవి. అందరి కార్డూ ఒకటే అయినప్పుడు దుకాణదారు పని తేలిక. వేరు రకం కార్డు పట్టుకొని వచ్చినవానికి వేరే రీడరు వెదకవలసి వచ్చేది. జనసామాన్యంలో ప్రమాణం ఏర్పడే తీరు ఇటువంటిదే.

ఒకే ఆకారం, వేరు వేరు అమరికలు

ఇంతటితో చిక్కులు తీరలేదు. ఆకారం ఒకటైనంత మాత్రాన అమరిక ఒకటి కావాలని లేదు. మొదటి ఎస్.డి. కార్డుల పరిమితి 2 గిగాబైట్లు. 2006లో వచ్చిన ఎస్.డి.హెచ్.సి. 32 గిగాబైట్ల వరకు, 2009లో వచ్చిన ఎస్.డి.ఎక్స్.సి. 2 టెరాబైట్ల వరకు, 2018లో ప్రకటింపబడిన ఎస్.డి.యు.సి. 128 టెరాబైట్ల వరకు అనుమతిస్తాయి. కొత్త యంత్రం పాత కార్డును చదువుతుంది. పాత యంత్రం కొత్త కార్డును చదవలేదు. స్లాటులో చక్కగా ఇమిడిన కార్డును కెమెరా గుర్తించకపోవడానికి కారణం తరచుగా ఇదే.

కార్డులో ఫైళ్ళ చిట్టా వ్రాసే పద్ధతి కూడా మారింది. 32 గిగాబైట్ల వరకు ఫ్యాట్ 32 అనే పద్ధతి, ఆపైన ఎక్స్ ఫ్యాట్ అనే పద్ధతి వాడుకలో ఉన్నాయి. ఫ్యాట్ 32లో ఒక్క ఫైలు 4 గిగాబైట్లను మించరాదు. పొడుగాటి వీడియోలను కొన్ని కెమెరాలు ముక్కలుగా భద్రపరచడం ఇందువలననే. ఎక్స్ ఫ్యాట్ వివరాలను మైక్రోసాఫ్ట్ సంస్థ 2019లో బహిరంగంగా ప్రచురించిన తరువాత ఇతర వ్యవస్థలకు దానిని స్వీకరించడం సుగమమైంది.

కార్డు మీద కనిపించే గుర్తులను కూడా చదవడం నేర్చుకోవాలి. వలయంలో 10 అని ఉంటే సెకనుకు కనీసం 10 మెగాబైట్లు వ్రాయగలదని అర్థం. యు అక్షరంలో 3 ఉంటే కనీసం 30 మెగాబైట్లు. వి అక్షరం ప్రక్కన 30, 60, 90 అంకెలు ఉంటే అవే సెకనుకు కనీస మెగాబైట్లు. ఏ1, ఏ2 అనేవి ఫోనులోని యాప్‌లను కార్డు మీద నడపడానికి సంబంధించినవి. పెద్ద అక్షరాలతో ముద్రించిన వేగం సాధారణంగా చదివే వేగం. వీడియో తీసేవారికి కావలసినది వ్రాసే వేగం.

అక్షరాల సంగతి

ఉర్దూ, తెలుగు విభాగాలు ప్రక్క ప్రక్కన ఉన్న ఇటువంటి సంచికను చదివే విద్యార్థులకు మూడవ మెట్టు ఒకటి చెప్పవలసి ఉంది. కార్డు ఆకారం కుదిరింది, ఫైళ్ళ చిట్టా కూడా తెరుచుకుంది అనుకుందాం. లోపలి అక్షరాలు చదవగలమా?

ఉర్దూ పత్రికలలో ఒకప్పుడు కాతిబులు నస్తాలీఖ్ లిపిని చేతితో వ్రాసేవారు. 1994లో వచ్చిన ఇన్‌పేజ్ ఆ పనిని కంప్యూటరు మీదికి తెచ్చి గొప్ప ఉపకారం చేసింది. తెలుగు ముద్రణలో అను ఫాంట్లు అటువంటి సేవనే చేశాయి. కాని ఇన్‌పేజ్ ఫైలును ఆ సాఫ్ట్‌వేరు లేని కంప్యూటరు తెరవలేదు. అను ఫాంటులో కూర్చిన తెలుగు ఆ ఫాంటు లేనిచోట అర్థంలేని ఆంగ్లాక్షరాలుగా కనిపిస్తుంది. సోనీ కార్డుకు పట్టిన చిక్కే ఇక్కడ అక్షరాలకు పట్టింది. 1991లో తొలిగా వెలువడిన యూనికోడ్ ప్రమాణం ఈ చిక్కును విప్పింది. అందులో తెలుగు 'క'కు ఒక సంఖ్య, ఉర్దూ 'కాఫ్'కు ఒక సంఖ్య, ఏ దేశంలోనైనా, ఏ యంత్రంలోనైనా మారకుండా ఉంటాయి. కావున విద్యార్థులు తమ రచనలను యూనికోడ్‌లో ఒక ప్రతి తప్పక దాచుకోవాలని మా సలహా.

నేటి స్థితి

పోటీ నేటికీ ముగియలేదు. శాంసంగ్ 2016లో యు.ఎఫ్.ఎస్. కార్డును, హువావే 2018లో నానో మెమరీ కార్డును తెచ్చాయి. రెండింటికీ ఆదరణ లభించలేదు. పెద్ద కెమెరాలలో సి.ఎఫ్. ఎక్స్‌ప్రెస్ అనే కార్డు కాంపాక్ట్ ఫ్లాష్ స్థానాన్ని ఆక్రమిస్తున్నది. 2025లో వెలువడిన నింటెండో స్విచ్ 2 అనే ఆటల యంత్రానికి మైక్రో ఎస్.డి. ఎక్స్‌ప్రెస్ అనే కొత్త తరం కార్డు కావాలి. పాత మైక్రో ఎస్.డి. కార్డు అందులో ఇమిడినా, దాని మీద ఆటలు నడవవు. మరొక ప్రక్క ఖరీదైన ఫోనుల నుండి స్లాటే మాయమవుతున్నది. ఐఫోనులో అది ఏనాడూ లేదు. శాంసంగ్ తన గెలాక్సీ ఎస్ వరుస నుండి 2021లో దానిని తొలగించింది. గెలిచిన కార్డుకు కూడా శాశ్వతత్వం లేదని దీనిని బట్టి తెలుస్తున్నది.

విద్యార్థులకు సూచనలు

ఇంతవరకు చెప్పినదాని నుండి కొన్ని ఆచరణీయమైన సూచనలు చేయదలచాము.

ఒకటి. కొనేముందు యంత్రం వెంట వచ్చిన పుస్తకంలో ఏ రకం, ఎంత సామర్థ్యం వరకు అనేది చూడాలి. 32 గిగాబైట్ల వరకే చదివే యంత్రానికి 128 గిగాబైట్ల కార్డు కొనడం వృథా వ్యయం.

రెండు. చౌకధరకు ఆశపడి మోసపోరాదు. కోఠీ, అబిడ్స్ వీధులలో గాని, ఇంటికి తెచ్చి ఇచ్చే అంగళ్ళలో గాని, ఏ దేశపు బజారులోనైనా నకిలీ కార్డులు ఉంటాయి. వాటిలోని కంట్రోలరుకు అబద్ధం చెప్పడం నేర్పుతారు. లోపల 8 గిగాబైట్లు ఉంటే 128 అని చెబుతుంది. మొదటి 8 నిండేవరకు అంతా సవ్యంగా ఉంటుంది. ఆ తరువాత వ్రాసినది పాతదానిని చెరిపివేస్తుంది, లేదా ఎక్కడికీ పోక మాయమవుతుంది. కొత్త కార్డును మొదటి దినమే నిండుగా నింపి, ఆ ఫైళ్ళను తిరిగి కంప్యూటరులోకి తీసుకొని సరిచూచుకోవడం ఉత్తమం.

మూడు. కార్డును ప్రయాణపు సంచివలె వాడాలి గాని ఇనప్పెట్టెవలె కాదు. ఎలక్ట్రానులు జారిపోగలవని ముందే చెప్పుకున్నాము. ముఖ్యమైన సమాచారం కనీసం రెండు వేరు వేరు చోట్ల, వేరు వేరు సాధనాల మీద ఉండాలి. కొన్ని సంవత్సరాలకొకసారి కొత్త సాధనం మీదికి మార్చుకోవాలి.

నాలుగు. ఇండ్లలో మూలపడి ఉన్న పాత మెమరీ స్టిక్కులు, ఎక్స్.డి. కార్డులు, స్మార్ట్ మీడియా కార్డులు ఉంటే వాటిని చదివే రీడర్లు పూర్తిగా అరుదు కాకముందే అందులోని ఛాయాచిత్రాలను బయటికి తీయాలి. ఈ పనిని వచ్చే సంవత్సరానికి వాయిదా వేయకూడదు.

ఈ నాలుగవ సూచనను కొంత విపులీకరిస్తాము. ఉప్పల్, నాచారం, కుషాయిగూడ, మౌలాలీ ప్రాంతాలలో కర్మాగారాలను నమ్ముకొని నాలుగు చెరగుల నుండి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఆ ఇండ్లలోని నానీమాలు, దాదాలు, అమ్మమ్మలు, తాతయ్యలు మాట్లాడే దక్కనీ ఉర్దూ, వారి ఊరి తెలుగు, వారు పాడే పెండ్లి పాటలు, చెప్పే కథలు ఏ గ్రంథంలోనూ అచ్చు కాలేదు. వాటిని నేటి విద్యార్థి తన ఫోనులో రికార్డు చేయగలడు. తాతగారి గొంతు ఒకసారి మూగబోయిన తరువాత దానిని ఎంత వేగం గల కార్డూ తిరిగి తేలేదు. గొంతు నిలిచి ఉండగా దానిని భద్రపరచి, చదవగల యంత్రం లేక పోగొట్టుకుంటే అది రెండవసారి పోగొట్టుకోవడమే అవుతుంది. పలువురు తెరవగల సామాన్యమైన ఫైలు రూపంలో, పేరు, ఊరు, తేదీ యూనికోడ్‌లో వ్రాసి, రెండు ప్రతులు ఉంచితే ఆ నష్టాన్ని తప్పించవచ్చు.

ఎలక్ట్రానిక్స్ విద్యకు పెట్టింది పేరైన ఈ ప్రాంతంలో చదువుకుంటున్న విద్యార్థులు యంత్రాలను కొని వాడుకోవడంతో తృప్తిపడక, వాటి వెనుక ఉన్న ప్రమాణాలను కూడా అర్థం చేసుకోవాలని మా ఆకాంక్ష. కళాశాల సంఘంవారు గ్రంథాలయంలో పలు రకాల కార్డులను చదివే ఒక రీడరును, విద్యార్థుల రికార్డింగులను భద్రపరచే ఒక కంప్యూటరును ఏర్పాటు చేయగలిగితే ఆ స్వల్ప వ్యయం తగిన ఫలితాన్నే ఇస్తుంది. ఈ వ్యాసం చదివి ఒక్క విద్యార్థి అయినా ఈ సెలవులలో తన ఇంటి పాత కార్డును వెదికి తెరిచి చూస్తే మా శ్రమ ఫలించినట్లే.